తువ్వాలు కింద చెయ్యి

చిత్ర కాటా కొని తెచ్చిన రోజు ఊరు ఆమెకు సాయంత్రంలోపు ఐదు పేర్లు పెట్టింది.

అంతకు రెండు నెలల ముందు ఆమెకు మరిది వరసైన ఒకడు అప్పు చేసి టెంపో కొన్నాడు. వాణ్ణి అందరూ "గట్టోడు" అన్నారు. "వ్యవహారం తెలిసినోడు" అన్నారు. టీ అంగట్లో పెద్దవాళ్ళు "ముందుకొచ్చే లక్షణం ఉండాదప్పా వాడికి" అని తలలూపారు. వాడు వరసగా మూడు కంతులు ఎగ్గొట్టినా "ధైర్యం చేసినోడు" అన్నారే గానీ ఇంకో మాట అనలేదు. చిత్ర ఎవరి దగ్గరా చేయి చాచలేదు. కూలి దుడ్డు దాచుకుని, కృష్ణగిరి బజారులో కొక్కేనికి వేలాడదీసే కాటా ఒకటి కొనుక్కుని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుంది. దానికి ఒకావిడ "ఆశపోతు" అంది. పక్కింటావిడ "దుడ్డు పిచ్చిది" అంది. అరుగు మీది మగవాళ్ళలో ఒకడు "మగరాయుడు" అంటే ఇంకొకడు "గడుసుది" అన్నాడు. పాలిటెక్నిక్ దాకా వెళ్ళి వచ్చినవాడు ఒకడుంటే వాడు "మా ఊరి ఎండీ మేడం" అని దండం పెట్టి మరీ వెక్కిరించాడు. మాటలకేం కొదవ? ఒకే పనికి మగవాడికొకటి, ఆడదానికొకటి మాట సిద్ధంగానే ఉంటుంది, ఎవరూ వెతుక్కోనక్కర్లేదు.

చిత్ర మొగుడు అజిత్ హోసూరులో ఒక కంపెనీకి షిఫ్టు పనికి పోతాడు. వారానికొకసారి ఇంటికొచ్చి నిద్రపోయి వెళ్ళిపోతాడు. ఇంట్లో మిగిలేది ఆమె, ఆమె మామ ముత్తప్ప. గురుబరపల్లికి రెండు మైళ్ళలో ఉన్న ఆ ఊళ్ళో ముప్పై ఇళ్ళవాళ్ళు గొర్రెలు మేపుతారు. పొట్టేళ్ళు ఎదిగాక హైవే పక్కన జరిగే సంతకు తోలుకెళ్ళడం, దళారి చేతికి అప్పజెప్పడం, అతను ఇంత అంటే అంత పుచ్చుకుని రావడం ఇన్నాళ్ళ పద్ధతి. ముత్తప్ప కూడా దళారే. నలభై ఏళ్ళుగా ఆ సంతలో ఆయనకు ఒక పేరుంది.

ఆ సంతలో ధర నోటితో చెప్పరు. కొనేవాడి చెయ్యి, అమ్మేవాడి తరపు దళారి చెయ్యి ఒక తువ్వాలు కింద కలుసుకుంటాయి. ముందుగా "పదివేల పైన" అని ఒక్క మాట పైకి అనుకుంటారు. అక్కణ్ణుంచి అంతా వేళ్ళే. కొనేవాడు పట్టుకున్న ఒక్కో వేలికి ఐదు నూర్లు. పట్టు బిగిస్తే ఒప్పుకున్నట్టు, వేలు వెనక్కి గుంజుకుంటే కాదన్నట్టు. చుట్టూ వందమంది గుడ్లప్పగించి చూసినా ఆ ఇద్దరికి తప్ప ధర మూడో మనిషికి తెలియదు. చిత్ర పెళ్ళయిన కొత్తలో ముత్తప్ప ఈ విద్యను కొడుక్కి నేర్పాలని రోజూ వాకిట్లో కూర్చోబెట్టి చేయి పట్టించేవాడు. అజిత్‌కు రాలేదు. పొయ్యి దగ్గర సంగటి కెలుకుతూ చూసిన చిత్రకు వచ్చేసింది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, చెప్పి ప్రయోజనం ఏముంది గనుక? పరాయి మగవాడి చేతిలో చేయి పెట్టి బేరమాడే ఆడదాన్ని ఆ సంత ఇంతవరకు చూడలేదు.

కాటా వచ్చాక ఇంట్లో మాటామాటా పెరిగింది.

"గొర్రెని కోసుగడ్డ మాదిరి తూకమేస్తారామ్మా యాడన్నా?" అన్నాడు ముత్తప్ప.

"కిలో లెక్క అయితే ఎవురికి ఎంత వచ్చేది ఆడనే తెలిసిపోతాది మామా. దాపరికం ఉండదు."

"తెలియకూడదనే గదా తువ్వాలు కప్పేది. బీదోడు అవసరానికి తక్కువకి ఇచ్చుకుంటాడు. అది సంతంతా తెలిస్తే వాడి మర్యాద ఏం గాను? నీకు దుడ్డు మీద ఆశ తప్ప ఇంకొకటి కనిపించదు."

మర్యాద మాటలో న్యాయం లేకపోలేదు. కానీ ఆ తువ్వాలు కిందే మునిరాజులాంటి దళారులు కూడా బతుకుతున్నారు. మునిరాజు కొనేవాడి దగ్గర ఒక ధర ఖాయం చేసుకుని అమ్మేవాడి చెవిలో ఇంకో ధర చెబుతాడని ఊరందరికీ అనుమానమే. రుజువు చేసేదెట్లా? వేళ్ళకు సాక్షులుండరు.

మామ మాటలో చివరి ముక్క మాత్రం చిత్రకు ముల్లులా దిగింది. ఊరు ఎన్ని అన్నా దులుపుకుని పోయేది గానీ, ఇంట్లో పెద్దమనిషి నోట "ఆశ" అనే మాట విన్నప్పుడల్లా ఆమెకు అన్నం సయించేది కాదు.

అయినా ఆగలేదు. హోసూరులో నాగేశప్ప అని మాంసం వ్యాపారి ఉన్నాడు. హోసూరులోనూ సూళగిరిలోనూ ఉన్న కంపెనీల క్యాంటీన్లకు ఆయనే మాంసం వేస్తాడు. వారానికి యాభైదాకా పొట్టేళ్ళు కావాలి. అవి ఇంతకాలం ఎక్కువగా మునిరాజు ద్వారా వెళుతున్నాయి. చిత్ర బస్సెక్కి హోసూరు పోయి, ఆయన అంగడి ముందు రెండు గంటలు నిలబడి, ఆ సరఫరా తనకిమ్మని అడిగింది. నాగేశప్ప ఎగాదిగా చూశాడు. "వచ్చే సంతకి ముప్పై తోలుకొని రామ్మా. బేరం నెమ్మదిగా జరిగితే వారం వారం నీదే. రచ్చ అయిందంటే మళ్ళా నా అంగడి మెట్టెక్కొద్దు" అన్నాడు.

పదకొండు ఇళ్ళవాళ్ళు ఆమెను నమ్మి పొట్టేళ్ళిచ్చారు. సగటున ఒక్కోదానికి పదకొండున్నర వేలకు తగ్గనివ్వనని ఆమె మాటిచ్చింది. అది తెలిసి మునిరాజు కబురు పంపాడు: ఈ వారం చిత్రకు ఇచ్చినవాళ్ళు మళ్ళీ తన గడప తొక్కనక్కర్లేదని. అంటే బేరం చెడితే చెడేది చిత్ర ఒక్కతే కాదు. ఆ పదకొండు ఇళ్ళకు హోసూరు బేరం దారి మూసుకుపోతుంది. ఇక జన్మలో ఆమె చేతికి ఒక మేకపిల్లను కూడా ఎవరూ ఇవ్వరు.

సంత ముందురోజు మధ్యాహ్నం చిత్ర టీ అంగడి వెనక గడ్డిమోపు దించుకుంటూ ఉంటే లోపలినుంచి మునిరాజు గొంతు వినిపించింది. "మీ కోడలు నా నోట్లో మట్టి కొడతాండాది గదన్నా." దానికి ముత్తప్ప జవాబు నెమ్మదిగా, విసుగ్గా వచ్చింది. "దానికి ఆశ జాస్తి అయింది. నేను చూసుకుంటాలే, నువ్వు పో."

చిత్ర గడ్డిమోపు అక్కడే వదిలేసి ఇంటికి వచ్చేసింది. ఏం చూసుకుంటాడు? ఎట్లా చూసుకుంటాడు? అడుగుదామని రెండుసార్లు వాకిట్లోకి వెళ్ళింది. ముత్తప్ప గొర్రె గిట్టకు మందు రాస్తూ తలెత్తలేదు. రెండుసార్లూ తిరిగి పొయ్యి దగ్గరికే పోయింది. ఆ ఇంట్లో కోడలు మామను నిలదీసి అడగడం అనేది ఇంతవరకు జరగలేదు.

సంతకు తెల్లారేసరికే చేరుకున్నారు. పొట్టేళ్ళిచ్చినవాళ్ళలో పిల్లమ్మ కూడా టెంపోలో వచ్చింది. నాలుగు పొట్టేళ్ళు ఆమెవే. ఇంటిమీద పాత కప్పు తీసి రేకులు వేయించాలని ఆమె తాపత్రయం. పొట్టేళ్ళు దిగేసరికి ముత్తప్ప తువ్వాలు భుజాన వేసుకుని తన మనుషుల్లోకి వెళ్ళిపోయాడు. చిత్ర మూడు కాళ్ళ ఇనప చట్రం నిలబెట్టి, దానికి కాటా వేలాడదీసి, కింద గోనెసంచితో ఉయ్యాల కట్టింది. సంతకొచ్చినవాళ్ళు దాన్ని రోడ్డు పక్క సర్కసు చూసినట్టు చూసి పోతున్నారు.

"ఏమ్మే చిత్రా, మీ మామ యాడ పోయినాడు?" అంది పిల్లమ్మ.

"ఉండాడులే అత్తా, ఈడనే యాడో."

యాడో ఏమిటి, ఎదురుగానే ఉన్నాడు. మునిరాజు పక్కన నిలబడి టీ తాగుతున్నాడు. మునిరాజు ఏదో చెబితే నవ్వుతున్నాడు కూడా. చిత్ర అటు వీపు పెట్టి గోనె ముడి ఇంకోసారి బిగించింది.

నాగేశప్ప చిత్ర దగ్గరికి వచ్చేసరికి ఎండ ఎక్కింది. బొద్దు మనిషి, తెల్ల చొక్కా, చేతికి రాగి కడియం. పొట్టేళ్ళ మధ్య ఒకసారి తిరిగి వీపులు నిమిరి చూశాడు. మొహంలో ఏమీ తెలియనివ్వలేదు. అప్పటికే ఆయన ఆ ఉదయం మునిరాజు ద్వారా ఇరవైదాకా కొనేసి లారీ ఎక్కించాడు.

"సరుకు బాగుండాదమ్మా. ఆ కాటా తీసి పక్కన పెట్టు. నేను చేత్తో కొనేవాణ్ణి. మీ తట్టు చెయ్యి పెట్టేది ఎవురు?"

"నేను పెడతానన్నా" అంది చిత్ర.

చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కసారిగా నవ్వారు. ఎవడో ఈల కూడా వేశాడు. నాగేశప్ప నవ్వలేదు, చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "నాకూ ఇంట్లో ఆడబిడ్డలుండారమ్మా. అట్లా మాట్లాడొద్దు."

"అయితే నోటితోనే చెప్పండన్నా. అందరూ వింటారు, తప్పేముంది?"

"నోటితో చెప్పేది వేలంపాటలో. చెయ్యి పెట్టే మగోడుంటే పిలువు, లేకుంటే నేను పోతా."

"నేనుండాను గదన్నా" అంటూ మునిరాజు ముందుకొచ్చాడు. వచ్చి తువ్వాలు కూడా విదిలించాడు.  ఆ చెయ్యి పెట్టనిస్తే తన ముప్పై పొట్టేళ్ళూ వాడి నోట ఏ ధర వస్తే ఆ ధరకు పోతాయి. వద్దంటే నాగేశప్ప పోతాడు.

"నా కోడలి సరుకుకి నేనుండంగా నీకేమిటికిరా అంత కష్టం?" అన్న మాట వెనకనుంచి వినిపించింది. ముత్తప్ప చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ వచ్చాడు. మునిరాజు పక్కకు తప్పుకున్నాడు. తప్పుకుంటూ ముత్తప్ప వైపు చూసి మీసంలో నవ్వాడు. అది చిత్ర కంట పడింది.

ముత్తప్ప ఆమె దగ్గరకు వంగి "ఎంత?" అన్నాడు.

"మూడు వేళ్ళకి తక్కువ వద్దు మామా. పదకొండు ఇండ్లోళ్ళకి మాటిచ్చినాను."

"నీ ఆశ నాకు తెలీదా" అని ఆయన వెళ్ళి నాగేశప్ప ఎదుట నిలబడ్డాడు.

తువ్వాలు పరుచుకుంది. "పదివేల పైన" అన్నాడు నాగేశప్ప. "పైనే" అన్నాడు ముత్తప్ప. ఇక మాటలు ఆగిపోయాయి.

చూసేవాళ్ళకు అది ఇద్దరు పెద్దమనుషులు చేతులు పట్టుకుని క్షేమసమాచారాలు అడుగుతున్నట్టే ఉంటుంది. చిత్ర మాత్రం ఆ గుడ్డ మడతలనే చూస్తోంది. ముందు గుడ్డ కింద ఒక వేలి కణుపు లేచింది. తర్వాత ఇంకోటి. తువ్వాలు ఒకసారి గట్టిగా గుంజుకుంది, ముత్తప్ప కాదన్నాడన్నమాట. మళ్ళీ సర్దుకుంది. మూడు లేచాయి. పిల్లమ్మ చిత్ర చేయి పట్టుకుంది. మూడు అంటే చాలు, అక్కడ ఆగినా చాలు. చిత్ర మనసులో మొక్కుకుంది.

ఆగలేదు. గుడ్డ కింద పెద్ద కదలిక. మణికట్లు రెండూ మెలి తిరిగాయి. మళ్ళీ నిలకడ వచ్చేసరికి మడతల్లో కనబడుతున్నవి రెండే కణుపులు.

రెండు. పదకొండు వేలు.

పొరబాటు పడ్డానేమోనని కళ్ళు చికిలించి చూసింది. రెండే. నాగేశప్ప మొహం తేటగా ఉంది. ముత్తప్ప తలపంకించి, అందరికీ వినబడేలా "సరే కానీ" అన్నాడు. అవతల మునిరాజు గొంతు సవరించుకుని పక్కవాడికి కన్ను కొట్టాడు. నేను చూసుకుంటాలే, నువ్వు పో. నిన్నటి మాట చిత్ర చెవుల్లో హోరెత్తింది. ఇంకొక్క క్షణంలో పట్టు బిగుస్తుంది. బిగిసిందంటే బ్రహ్మదేవుడు దిగొచ్చినా ఆ ధర మారదు. పదకొండు ఇళ్ళ ఆడవాళ్ళ ముందు నిలబడి ఏం చెప్పాలి? మామే అమ్మేశాడని చెప్పాలా?

ఆమె రెండడుగులు ముందుకు వేసింది. తువ్వాలు కొస పట్టుకుంది. లాగేసింది.

సంత అంతా అటు తిరిగింది. తండ్రి చేతిమీది తువ్వాలును కొడుకు తీయడు ఆ సంతలో. పోట్లాటలు జరిగినా, కత్తులు దూసుకున్నా, తువ్వాలు కింద చేతుల జోలికి ఎవడూ పోలేదు. ఇప్పుడు ఎండలో ఆ రెండు చేతులూ బయటపడి ఉన్నాయి.

ముత్తప్ప అరచెయ్యి వెల్లకిలా తిరిగి ఉంది. నాగేశప్ప పిడికిట్లో ఉన్నవి నాలుగు వేళ్ళు. నాలుగూ ముత్తప్పవే. అంతటితో అయిపోలేదు. ముత్తప్ప తన బొటనవేలును కూడా ఆ పిడికిట్లోకి దూరుస్తున్నాడు, ఐదోదీ పట్టుకోమని. తువ్వాలు మీద లేచిన రెండు కణుపులూ నాగేశప్ప పిడికిలివి.

చిత్ర ఈ విద్య నేర్చుకున్నది పొయ్యి దగ్గర, గుడ్డ లేకుండా పట్టుకున్న చేతుల్ని చూసి. గుడ్డ పడ్డాక చెయ్యి బోర్లా ఉందో వెల్లకిలా ఉందో, ఏ కణుపు ఎవరిదో పైనుంచి చూసేవాళ్ళకు తెలియదు. తెలియకుండా ఉండడానికే కదా ఆ గుడ్డ. అంత చిన్న విషయం ఆమెకు ఇప్పుడు అర్థమైంది, పూర్తిగా చేయి దాటిపోయాక. తువ్వాలు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. దాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. 

"నాలుగా?" అన్నారు ఎవరో గుంపులోనుంచి. పొద్దున మునిరాజు చేత పొట్టేళ్ళు అమ్మించిన మత్తూరు మనిషి ముందుకు తోసుకొచ్చాడు. "నాలుగు వేళ్ళు పెడతాండాడు ఈ సరుక్కి! నావి వీటికన్నా ఒక బెత్తెడు ఎత్తు. నాకు ఒక్క వేలన్నావు గదరా మునిరాజా?"

"నాకూ ఒకటే అన్నాడు" అన్నాడు ఇంకొకడు.

"ఆగండప్పా, సరుకును బట్టి ఉంటాది గదా..." అని మునిరాజు వెనక్కి జరిగాడు. వెనక అప్పటికే మనుషులున్నారు. చొక్కా పట్టుకున్నారు. అరుపులు మొదలయ్యాయి.

నాగేశప్పకు ఆ గొడవ పట్టలేదు. తన చేతిని తానే కొత్తగా చూసుకున్నట్టు చూసుకుని ముత్తప్ప వేళ్ళను వదిలేశాడు. "ముత్తప్పా, నీ చెయ్యి ఇరవై ఏండ్లు పట్టుకున్నా. నీ ఇంటోళ్ళే తువ్వాలు తీసేసినాక ఇంక నీ చెయ్యి నాకెందుకు?" అన్నాడు. చిత్ర వైపు తిరిగి "రచ్చ వద్దని చెప్పినా గదమ్మా" అని లారీ వైపు నడిచాడు.

ముత్తప్ప వేళ్ళు ముడుచుకున్నాడు. కోడలి మీద కేకలు వేయలేదు. చెయ్యిని పంచెకు తుడుచుకున్నాడు, రెండుసార్లు. తర్వాత గుంపులోంచి దారి చేసుకుంటూ పోయి టెంపో నీడన చతికిలబడ్డాడు. చిత్ర వెనకే పోబోయింది. ఆయన చేయి అడ్డంగా ఊపాడు, రావద్దని.

పిల్లమ్మ నెత్తి కొట్టుకుంది. "ఏం పని చేస్తివే తల్లీ! నాలుగొచ్చిండె గదే!" అని ఏడ్చింది.  ఇచ్చిన మాట పోయింది, సరఫరా పోయింది, ముప్పై పొట్టేళ్ళు అరుస్తున్నాయి. చిత్ర కాటా పక్కన నిలబడి ఆ ఇనప కొక్కేన్ని చూస్తూ ఉండిపోయింది. ఊరు పెట్టిన ఐదు పేర్లలో ఏది పిలిచినా ఆ నిమిషాన ఆమె పలికేదే.

కానీ సంత ఆగిపోయింది. అది ఆమె అనుకున్నది కాదు, ఎవరూ అనుకున్నది కాదు. నాగేశప్ప లారీ దగ్గర ఇంకో మందను చూసి తువ్వాలు పరిచాడు. ఆ మందవాడు చేతులు కట్టుకున్నాడు. "నోటితో చెప్పన్నా" అన్నాడు. నాగేశప్ప పక్క మందకు పోయాడు. అక్కడా అదే మాట. పొద్దున్నుంచి ఒకటీ రెండూ వేళ్ళకు అమ్ముకున్నవాళ్ళు ఊరికే ఉంటారా, సంతంతా తిరిగి నాలుగు వేళ్ళ సంగతి టముకు వేశారు. ఇక ఆ పూట తువ్వాలు కింద చెయ్యి పెట్టే దళారి దొరకలేదు. మర్నాడు తెల్లారకముందే క్యాంటీన్లకు మాంసం పోవాలి. పది గంటలైంది. పదకొండైంది.

నాగేశప్ప తిరిగొచ్చి చిత్ర ఎదుట నిలబడ్డాడు. మొహం ఎర్రగా ఉంది.

"కిలో ఎంతమ్మా?"

చిత్రకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కాటా కొక్కెం పట్టుకుంది. "నాలుగు నూర్లన్నా" అంది.

"మూడు నూర్ల తొంభై. అందరి ముందరే చెప్తాండా, విన్నారు గదా? ఎక్కించు."

పొట్టేళ్ళను ఒక్కొక్కటిగా గోనె ఉయ్యాలలోకి ఎత్తారు. గుంపు మూగింది. అంకె వెలగగానే పదిమంది ఒకేసారి పైకి చదివేవారు. ముప్పై పొట్టేళ్ళు తూగేసరికి మధ్యాహ్నం దాటింది. సగటున ఒక్కోటి పదకొండు వేల ఏడు నూర్లకు తేలింది. మాట నిలబడింది. నాగేశప్ప చొక్కా దులుపుకుని "వచ్చే వారం గూడా తోలుకొని రా. కాటా మర్చిపోవద్దు" అని లారీ ఎక్కాడు.

అంతే. పొద్దున ఈల వేసినవాడే వచ్చి "నీది మామూలు గుండె కాదక్కా" అన్నాడు. మత్తూరు మనిషి "గట్టి మనిషివమ్మా నువ్వు" అన్నాడు. ఎవరో అరవంలో "కెట్టికారి" అన్నారు, తెలివైనదని. నెత్తి కొట్టుకుని ఏడ్చిన పిల్లమ్మ అయితే "వ్యవహారం తెలిసింది మా చిత్ర" అని కనబడిన వాళ్ళందరికీ చెబుతోంది. సాయంత్రం ఇంకా కాలేదు, పేర్లన్నీ మారిపోయాయి. ధర తెచ్చిన మనిషికి ఒక మాట, తేలేని మనిషికి ఇంకో మాట, అంతేనా దీని కథ? చిత్రకు ఆ పొగడ్తలు పొద్దుటి వెక్కిరింతల కన్నా ఎక్కువ గుచ్చుకున్నాయి. ఎందుకంటే లెక్క ఆమెకు తెలుసు. కాటా తెచ్చింది పదకొండు వేల ఏడు నూర్లు. మామ చెయ్యి అప్పటికే తెచ్చింది పన్నెండు వేలు, ఐదో వేలు కూడా దొరికి ఉంటే పన్నెండున్నర. ఆ గుంపులో ఈ సంగతి గుర్తున్నది ఆమెకూ, టెంపో నీడన కూర్చున్న మనిషికీ.

అటు చూసింది. బర్గూరు వైపునుంచి వచ్చే వ్యాపారి ఒకడు దళారి కోసం వెతుక్కుంటూ ముత్తప్ప దాకా వచ్చాడు. ప్రతి సంతలోనూ ముందు ఆయన దగ్గరికే వచ్చేవాడు. ఈసారి ఆయనను చూసి తటపటాయించి, బీడీ వెలిగించుకునే నెపంతో పక్కకు తిరిగి వెళ్ళిపోయాడు. ముత్తప్ప అది గమనించాడు. గమనించనట్టు చెప్పులోంచి రాయి తీసుకుంటూ కూర్చున్నాడు.

ఇంటికి తిరిగివెళ్ళేటప్పుడు టెంపో వెనక ఖాళీగా ఉంది. పిల్లమ్మ ముందు డ్రైవరు పక్కన కూర్చుని వాడికి కథంతా మొదటినుంచి చెబుతోంది. వెనక ఒక మూల ముత్తప్ప, ఎదుటి మూల కాటాను ఒళ్ళో పెట్టుకుని చిత్ర. హైవే మీద లారీల హోరు తగ్గిన చోట ఆమె నోరు తెరిచింది.

"మామా, నిన్న మునిరాజుతో నేను చూసుకుంటాలే అన్నావు. నేను విన్నాను. అందుకనే..."

"వాడితో ఇంకేమని చెప్పాల? నా కోడలి తట్టు నేను చెయ్యి పెట్టబోతాండానని ముందుగానే చెప్పేదా?"

"నాకన్నా చెప్పింటే..."

"తువ్వాలు కిందికి పోయేది ఎవురికీ చెప్పరమ్మా. చెప్పినోడు దళారి కాడు."

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు. రోడ్డు వైపు చూస్తూ మళ్ళీ ఆయనే అన్నాడు.

"మూడు తేమంటివి. ఐదు తేవాలనుకున్నా. మా కోడలు ఆశపోతని ఊరంతా అంటాండారు, ఇంట్లో నేనూ అంటి. సరే, దాని ఆశ ఎంతుంటే అంత తెచ్చి చేతిలో పెడదామనుకున్నా. అప్పుడు ఎవడు ఏమంటాడో చూద్దామని."

చిత్రకు ఏడుపు ఆగలేదు. మొహం కప్పుకోవడానికి కొంగు కూడా వెతుక్కోలేదు. ఏడుస్తూనే అంది, "తప్పు నాది మామా. వచ్చే వారం కాటా తేను. నువ్వే చెయ్యి పెట్టు."

ముత్తప్ప తన కుడిచేతిని మోకాలి మీద బోర్లించి పెట్టుకున్నాడు.

"ఎవురి చేతిలో పెట్టేదమ్మా?" అన్నాడు.